వదినగారి ఎర్రపెట్ట

గంగాభవానికి తెలియని వైద్యం లేదని బెల్లం మార్కెట్లో పేరు. ఆ పేరు ఎవరో ఇచ్చింది కాదు, ఆవిడే తనకు తాను పెట్టుకుని నలుగురి చేతా అనిపించుకుంది. దగ్గొచ్చిందంటే మిరియాల పొడి బెల్లంలో ఉండకట్టి మింగమంటుంది. నీరసమంటే బెల్లం నీళ్లు తాగమంటుంది. కాలు బెణికినా, ముల్లు విరిగినా, సెగ్గడ్డ లేచినా ఒకటే మందు: బెల్లం, సున్నం అరచేతిలో రంగరించి, అది వేడెక్కగానే పట్టు వేసెయ్యడం. పెళ్లయి అనకాపల్లి వచ్చిన దగ్గర్నుంచీ యార్డులో బెల్లం దిమ్మలు దించిన చోట రాలిన పొడి ఊడ్చి గోనెలకెత్తే పనిలోనే ఉంది కాబట్టి, బెల్లానికి లొంగని జబ్బు ఉంటుందంటే ఆవిడ ఒప్పుకోదు. ఒప్పుకోవలసిన అవసరం రాకుండానే యాభై దాటేసింది కూడా.

అలాంటి మనిషి, మొన్న వానలు మొదలైన రోజుల్లో, ఒక కోడిపెట్టకి ఏం మందు వెయ్యాలో తోచక, కనిపించినవాళ్లనల్లా అడుగుతూ తిరిగింది. కోడి తనదైతే ఇంత బాధ ఉండకపోను. కోడి వదినగారిది.

వదినగారంటే ఆవిడ మొగుడు త్రినాధరావుకి అక్క, చిన్నమ్మలు. రావికమతం దగ్గర పల్లెలో రెండు గేదెలు, కాస్త చెరకు, వాకిటినిండా కోళ్లు పెట్టుకుని ఒక్కతే ఉంటుంది. మొగుడు పోయాడు, కూతురు అత్తారింట్లో ఉంది. నోరు పెద్దది. ఆ నోటితోనే చాలా ఏళ్ల క్రితం, ఒక పెళ్లి పందిట్లో, వడ్డన మధ్యలో, అందరూ వింటుండగా గంగాభవానిని ఒక మాట అంది.

ఆ మాట వెనక ఒక మేక ఉంది. ఆ వైపు ఊళ్లలో జీవాలను పాలికి ఇవ్వడం మామూలే. జీవం ఒకరిది, మేపు ఇంకొకరిది, పుట్టిన పిల్లలు చెరి సగం. చిన్నమ్మలు అప్పట్లో ఒక మేకను తమ్ముడింటికి పాలికి ఇచ్చింది. అది ఒక వానాకాలం పొద్దున్న కడుపుబ్బి చచ్చిపోయింది. పాలికి తెచ్చుకున్న జీవం చస్తే ఇచ్చినవాళ్లకి చూపించాలి. కనీసం చెవో, తోలో, కోడైతే కాళ్లో ఆనవాలుగా పట్టుకెళ్లాలి. లేకపోతే కోసుకు తిన్నారనే లెక్క. గంగాభవాని అప్పుడు పిల్లల జ్వరాలతో సతమతమవుతోంది, మేకేమో వాసన కొట్టేస్తోంది, బయట కుండపోత. కాలవగట్టున గొయ్యి తీసి పాతిపెట్టేశారు. కబురు తరవాత పంపారు. అంతే, పెళ్లి పందిట్లో చిన్నమ్మలు "నా మేకని మసాలా దట్టించి తిన్న సేతులివి, ఈ సేతులతో నాకు కూరెయ్యకు" అనేసింది.

గంగాభవాని గరిటె అక్కడే పడేసి ఇంటికొచ్చేసింది. ఆనాటి నుంచీ రాకపోకల్లేవు. ఎదురైతే తల తిప్పుకోవడమే. త్రినాధరావు మధ్యలో నలిగిపోయి, అక్కని చూడ్డానికి వెళ్లినప్పుడల్లా చెరకు లారీ ఎక్కించడానికి వెళ్తున్నానని అబద్ధమాడేవాడు. అది అబద్ధమని పెళ్లానికీ తెలుసు, పెళ్లానికి తెలుసని అతనికీ తెలుసు.

అలాంటిది ఈ ఏడు, ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్య వెళ్లాక, చిన్నమ్మలు తమ్ముడి చేతికి ఒక గంప ఇచ్చి పంపింది. గంపలో ఎర్రపెట్ట. "మీ ఆవిడని పాలికి మేపమను," అందట. అంతకు మించి ఒక్క ముక్క లేదు. గంగాభవాని ఆ గంప చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఇది సఖ్యత కోరడమా, లేక మళ్లీ పరీక్ష పెట్టడమా? అడుగుదామంటే మాటల్లేవు. ఊరుకుందామంటే కోడి గంపలోంచి తల పెట్టి చూస్తోంది. చివరికి గంప మూత తీసి నూకలు చల్లింది. ఆ రాత్రి వదిన నెంబరు సంపాదించి ఫోన్లో ఎక్కించుకుంది గానీ చెయ్యలేదు.

ఇంట్లో ఆ పెట్ట పేరు 'వదినగారి పెట్ట'. దాన్ని ఎవరూ అదిలించకూడదు, ఎవరూ కాలితో తోయకూడదు. త్రినాధరావు ఒకసారి చెప్పు విసిరితే ఆ పూట అతనికి అన్నం ఆలస్యమైంది.

అంత జాగ్రత్తా ఒక పుంజు పాడు చేసింది. పక్కింటి లూర్దు మేరీ వాళ్ల పుంజు, వాళ్లుండే గవరపాలెం సందులన్నీ తనవేనన్నట్టు తిరిగే జాతి. అది పెట్టనెక్కి ఎక్కి, కాలి ముల్లుతో వీపు మీద చర్మం చీల్చేసింది. రూపాయి బిళ్లంత గాయం. రక్తం ఆగిపోయింది గానీ ఎర్రగా తెరుచుకునే ఉంది.

గంగాభవాని కంగారు పడలేదు. ఇంట్లో బెల్లం ఉంది, డబ్బాలో సున్నం ఉంది, తనకి చేతులున్నాయి. చక్కగా రంగరించి, గాయం మీద మందంగా పట్టు వేసి, ఈకలు సర్ది వదిలేసింది. "రెండు రోజుల్లో సూడు, మచ్చ కూడా ఉండదు," అని మొగుడికి చెప్పింది. వాన ముసురు పట్టింది. పెట్ట గంప కిందే ముడుచుకుని కూర్చుంది. గాయం మానుతోంది కాబోలు, నొప్పికి కూర్చుందిలే అనుకుంది. దాని చుట్టూ ఈగలు తిరుగుతుంటే వానాకాలం కదా అనుకుంది. బెల్లం పనిలో ఉన్నవాళ్లకి ఈగ కొత్త కాదు. చెవిలో జోరుమన్నా చెయ్యి విసరరు.

మూడోనాడో నాలుగోనాడో గంప ఎత్తేసరికి వాసన గుప్పుమంది. పెట్ట లేవలేదు. వీపు మీద ఈకలు తడిసి అట్టకట్టి ఉన్నాయి, పట్టు కరిగి కారిపోయింది. ఈకలు పక్కకి తీసి చూసిన గంగాభవాని "ఓలమ్మో!" అని గంప వదిలేసి వెనక్కి జరిగింది. గాయం నిండా తెల్లటి పురుగులు కదులుతున్నాయి. చర్మం కింద కూడా దూరి ఉన్నాయి. చుట్టూ ఈకల మొదళ్లకి బియ్యప్పిండి అంటుకున్నట్టు గుడ్లు. మెరిసే పచ్చ ఈగ ఒకటి, ఎవరింటికో పేరంటానికి వచ్చినట్టు, తీరిగ్గా అక్కడే కూర్చుంది.

ఆవిడకి మొదట కలిగింది జాలి కాదు, అయోమయం. పట్టు వేసింది కదా. పట్టు వేస్తే లోపలిది బయటికి రావాలి గానీ, బయటిది లోపలికెలా పోయింది?

"పెట్రోలు సుక్కేసెయ్," అన్నాడు త్రినాధరావు తొంగి చూసి. "మా నాన్న గేదె గిట్టల్లో పురుగులడితే అదే ఏసీవోడు."

"గేదెకీ కోడికీ తేడా నేదేటయ్యా? మండి సచ్చిపోద్ది."

"మరి నువ్వే సెప్పు, వైద్దురాలివి కదా."

అదే కదా బాధ. మార్కెట్ కెళ్లి, పని చేసుకుంటూ, ఎవరిదో కోడి అన్నట్టుగా అడిగింది. కాటా దగ్గర ఒకామె సీతాఫలం ఆకు పసరు పిండమంది. ఇంకొకామె కర్పూరం కొబ్బరినూనెలో కలిపి పొయ్యమంది. దిమ్మలు మోసే కలాసీ ఒకడు సున్నం ఇంకా గట్టిగా వెయ్యమన్నాడు. మందుల షాపులో కుర్రాడు "మడిసికైతే ఇత్తాను, కోడికేటివ్వను?" అని నవ్వాడు. ఫోన్లో వీడియో పెడితే ఒకాయన నీళ్లు తగలకూడదన్నాడు. ఆ కిందే ఇంకొకాయన ముందు నీళ్లలో ముంచమన్నాడు. మూడో ఆయన హిందీలో చెప్పాడు, ఆయనే కరెక్టేమోనని ఆవిడకి అనుమానం. సాయంత్రానికి సీతాఫలం ఆకు ఒక చేతిలో, కర్పూరం పొట్లం ఒక చేతిలో పట్టుకుని ఇంటికొచ్చి, రెండూ అరుగు మీద పెట్టి, వాటి పక్కనే తనూ కూర్చుండిపోయింది.

అప్పుడొచ్చింది లూర్దు మేరీ. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా. తమ పుంజు చేసిన పని తెలిసి, ముఖం చెల్లకపోయినా వచ్చింది.

"అక్కా, నువ్వు దాని మీద ఇంకేటీ ఎయ్యకు. మా ఆస్పిటల్ కి పుండ్లతో వచ్చినోళ్లలో సగం మంది ఇలగే, పది రకాలు రాసుకుని వత్తారు. పశువులాసుపత్రికి తీసుకెళ్దాం, పద."

"కోడినా? జనం నవ్వరేటే?"

"నవ్వనీ."

నవ్వారు. మర్నాడు అట్టపెట్టెలో పెట్టుకుని ఆటో ఎక్కితే, డ్రైవరు అద్దంలోంచి చూసి, "కోడికి ఆసుపత్రేటి పిన్నీ, అల్లం ఎల్లుల్లి ఏసి పొయ్యెక్కించక," అన్నాడు. ఆ మాట గంగాభవానికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఈ కోడి చస్తే, ఎన్ని ప్రమాణాలు చేసినా, పొయ్యెక్కించిందనే అంటుంది వదిన. కాళ్లు నరికి పట్టుకెళ్లి చూపిస్తే మాత్రం? తిన్న కోడికీ కాళ్లుంటాయి కదా అంటుంది. పురుగులు పట్టి చచ్చిందంటే అదో కట్టుకథ అంటుంది. అసలు ఏ నిజం చెప్తే నమ్ముతారో ఆవిడకి అర్థం కాలేదు.

పశువుల డాక్టరు చిన్న వయసు అమ్మాయి. పెట్టని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం రాశారండి దీనికి?" అని అడిగింది.

గంగాభవాని మేరీ వైపు చూసింది, నేల వైపు చూసింది. "బెల్లం... సున్నం."

డాక్టరమ్మ నవ్వలేదు. నవ్వినా బాగుండును అనిపించింది. "సున్నం పచ్చి పుండుని కాల్చేస్తుందండి. బెల్లం వాసనకి ఈగలొస్తాయి. వచ్చి గుడ్లు పెట్టేస్తాయి. ఎండాకాలం, వానాకాలం ఒక్క రోజులోనే పురుగులైపోతాయి," అని మామూలుగా చెప్పింది. గంగాభవాని తల ఊపింది గానీ మాటలు లోపలికి పోలేదు. బెల్లం చేసిందా ఈ పని? బెల్లమే? ఇన్నేళ్లూ దాన్ని నమ్ముకుని ఎంతమందికి పట్లు వేసింది! మనుషులకి నయమైంది కదా. అయిందా? లేక వాటంతటవే మానిపోతే తన ఖాతాలో వేసుకుందా? ఆ ఆలోచన మొదలైతే ఎక్కడ తేలుతుందోనని భయమేసి ఆపేసింది.

పని మాత్రం డాక్టరమ్మ దగ్గరుండి చూపించింది. ముందు గాయం చుట్టూ ఈకలు కత్తిరించాలి. గోరువెచ్చటి నీళ్లలో కాస్త ఉప్పు వేసి పుండంతా కడగాలి. పురుగుల్ని ఒక్కొక్కటే పట్టకారుతో తీసెయ్యాలి. లోపల దాక్కున్నవి నీళ్లు తగిలాక ఊపిరి కోసం పైకొస్తాయి, అప్పుడు పట్టుకోవాలి. తుడిచి, బాగా ఆరబెట్టి, నీళ్లు కలిపిన అయోడిన్ మందు అద్దాలి. పెట్రోలు, కర్పూరం, పసర్లు ఏవీ వద్దు. ఈగ వాలని చోట, పొడి గుడ్డల మీద, మిగతా కోళ్లకి దూరంగా ఉంచాలి. పొద్దునా సాయంత్రం మళ్లీ విప్పి చూడాలి, ఎందుకంటే మిగిలిన గుడ్లు మళ్లీ పిల్లలవుతాయి. తాగే నీళ్లలో కలపడానికి ఒక మందు ఇచ్చి, "ఈ మందు వాడుతున్నన్నాళ్లూ, ఆపాక కూడా కొన్నాళ్లు, గుడ్డు గాని మాంసం గాని తినకూడదు," అంది.

"తినం! తినమమ్మా!" అంది గంగాభవాని, ఆసుపత్రి అదిరేలా. డాక్టరమ్మ బిత్తరపోయింది.

"బతుకుద్దా?" అనడిగింది మేరీ.

"లోతుగా ఉంది. తిండి తింటే బతుకుతుంది. చూద్దాం," అంది డాక్టరమ్మ. ఆ 'చూద్దాం' ఎటు వైపుదో ఎవరికీ తెలియలేదు.

ఇంటికొచ్చి మొదలుపెట్టారు. మేరీ కూతురు సుజి కనుబొమలకి వాడుకునే చిన్న పట్టకారు ఆ పనికి కుదిరింది. ఇక అది తనకొద్దని సుజి దండం పెట్టేసింది. మేరీ పట్టుకుంటే గంగాభవాని ఏరింది. మొదట్లో రెండుసార్లు పట్టకారు పడేసి బయటికెళ్లింది. తరవాత తరవాత, తన పట్టు ఎంత లోపలికి కాల్చిందో కనిపిస్తుంటే, లేవడం మానేసి ఇంకా దగ్గరగా వంగి ఏరింది. పెట్ట మాత్రం అరవలేదు. అరిస్తే బాగుండును. మధ్య మధ్య కన్ను తెరిచి ఈవిడ మొహం చూసి మూసుకుంటోంది. తిట్టుకుంటోందో, నమ్ముతోందో తెలియదు. కోడి మనసు కూడా వదిన మనసులాగే ఉందే అనుకుంది గంగాభవాని.

ముందుగదిలో మంచం మీది దోమతెర విప్పి అట్టపెట్టె చుట్టూ కట్టారు. "దోమతెర కోడికి, దోమలు నాకూనా?" అన్నాడు త్రినాధరావు. అనేసి దుప్పటి ముసుగెట్టుకున్నాడు. మర్నాడు అతనికే ఒక ఉపాయం తట్టింది.

"ఒకేల ఇది పోయిందనుకో. సంతలో ఇలాటి ఎర్రపెట్టనే తెచ్చి ఎట్టేద్దాం. అక్కకి తెల్దు."

"మీ అక్కకి తెల్దా? దాని కాలిగోరు సూసి పోల్సేత్తాది."

"అయితే పిల్లలు పొదిగించేక సూపిద్దాం. పిల్లల్ని సూసిన సంబరంలో తల్లిని సూడదు."

గంగాభవాని కొట్టిపారేసింది గానీ, యార్డులో చీపురు పట్టుకుని ఊడుస్తున్నంతసేపూ ఆ ఎర్రపెట్టే కళ్లముందు తిరిగింది. సంతలో దొరుకుతుంది. దొరక్కపోదు. ఎవరికీ నష్టం లేదు. వదినతో ఇప్పుడిప్పుడే తెరుచుకున్న తలుపు మూసుకోదు. చెప్పేస్తేనో? నమ్మదు. చెప్పకపోతేనో? అప్పుడు తను నిజంగానే దొంగ. మేక విషయంలో చెయ్యని దొంగతనం ఇప్పుడు చేసినట్టవుతుంది. మేరీని అడిగితే "సెప్పెయ్యక్కా" అంటుంది, మొగుణ్ణి అడిగితే "సెప్పకే" అంటాడు. ఇద్దరి మాటా సబబుగానే ఉంది. ఇద్దరూ చెప్పేశాక ఆవిడ మొదలుపెట్టిన చోటే ఉంది.

తరవాతి పొద్దున్న పెట్ట నూకలు ముట్టలేదు. అరచేతిలో పెట్టి ముక్కు దగ్గరికి తీసుకెళ్లినా తల తిప్పుకుంది. పురుగులు బాగా తగ్గాయి, వాసన కూడా తగ్గింది, కానీ తిండి లేదు. తింటే బతుకుతుందన్నారు. తినడం లేదు. గంగాభవాని దోమతెర ముందు గొంతుక్కూర్చుని ఉండగా, మేకని పాతిన నాటి వాన గుర్తొచ్చింది. ఆరోజు కూడా ఇలాగే, ముందు ఇది కానీ, తరవాత చెప్దాం అనుకుంది. ఆ తరవాతే కదా ఇన్నేళ్లు మింగేసింది. ఏం చేస్తున్నదీ తనకే తెలియకుండా ఫోన్ తీసి వదిన నెంబరు నొక్కేసింది. అవతల "ఎవులూ?" అని వినపడ్డాక గానీ భయం వెయ్యలేదు.

"నేనొదినా. భవానిని."

అవతల గేదె అరుపొకటి వినపడింది.

"నీ పెట్టకి బాగోనేదు. పుండులో పురుగులు పడ్డాయి. తింటం నేదు. సచ్చిపోద్దేమో. సావకముందే సెప్తన్నాను."

"వత్తన్నాను," అంది చిన్నమ్మలు. ఫోన్ పెట్టేసింది.

ఆ ఒక్క ముక్కని గంగాభవాని ఎన్ని రకాలుగా పలికి చూసుకుందో! కోపంగా వత్తన్నానా, కంగారుగా వత్తన్నానా, తేల్చుకుంటాను చూడు అని వత్తన్నానా? పనికి సెలవు పెట్టి, ఇల్లు ఊడ్చి, ఆనపకాయ కూర, చారు వండి, గుమ్మంలోకీ లోపలికీ తిరిగింది.

మధ్యాహ్నం బస్సుకి దిగి, గొడుగు నుంచి నీళ్లు కారుతుండగా చిన్నమ్మలు వచ్చింది. జుట్టు తెల్లబడింది, మనిషి చిక్కింది. పెళ్లి పందిట్లో చూసిన మనిషేనా అనిపించింది. "బాగున్నావా" అనలేదు, "ఏదీ కోడి" అనీ అనలేదు. కాళ్లు కడుక్కుని లోపలికి నడిచింది. గంగాభవాని తువ్వాలు తేవడానికి గదిలోకెళ్లి, తిరిగొచ్చి, వంటగది గుమ్మంలో ఆగిపోయింది.

వదిన పొయ్యి దగ్గర వంగి, కూరగిన్నె మూత ఎత్తి లోపలికి చూస్తోంది.

గంగాభవానికి ఒంట్లో రక్తమంతా తలకెక్కింది. ఇన్నాళ్ల భయం ఎటు పోయిందో తెలియదు.

"సూడొదినా, బాగా సూడు. గరిటెట్టి తిప్పి సూడు. ఆనపకాయ ముక్కలు. ఫ్రిజ్జు తలుపు కూడా తీమంటావేటి? పెంట మీద ఈకలున్నాయేమో, అవీ సూసుకో."

మూత చిన్నమ్మలు చేతిలోంచి జారి గిన్నె మీద పడింది. "ఒలే, నేను..."

"నువ్వేటి? ఆ రోజు పందిట్లో నన్నంతమాటన్నావు. నా సేత్తో కూరెయ్యొద్దన్నావు. ఈ సేతులు సూసుకున్నప్పుడల్లా నాకు అదే మాట." విసురుగా ముందుగదిలోకెళ్లి, దోమతెర లాగేసి, పెట్టని రెండు చేతులా ఎత్తి తెచ్చి వదిన చేతుల్లో పెట్టేసింది. "ఇదిగో నీ కోడి. పుంజు గీరేసింది. నేను బెల్లం సున్నం ఎట్టేను. దానికే ఈగలు ముసిరి పురుగులడ్డాయి. తప్పు నాదే. బతుకుద్దో నేదో నాకు తెల్దు. తినలేదు. మేకనీ తినలేదు. అంతే, నేను సెప్పాల్సింది."

చిన్నమ్మలు కోడిని పట్టుకుని నిలబడినచోటే కూర్చుండిపోయింది. కత్తిరించిన ఈకల మధ్య గాయం వంక వంగి చూసింది. అంచులు గులాబీరంగుకి తిరిగాయి, నడుమ ఇంకా పచ్చిగానే ఉంది.

"గాయానికి బెల్లం సున్నం ఎట్టకపోతే ఇంకేటెడతారే?" అంది. ఎత్తిపొడుపు కాదు, ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు.

గంగాభవాని, చేతులు ఊరుకోక, పళ్లెంలో ఉప్పునీళ్లు, దూది, పట్టకారు తెచ్చి ఎదురుగా కూర్చుంది. "అలగ కాదు, రెక్కలు కలిపి అట్టుకో," అంది. చిన్నమ్మలు పట్టుకుంది. పైట చెంగు తీసి కోడి కళ్లకి కప్పింది కూడా. చీకటైతే అది బెదరదని అలవాటున్నవాళ్లకి తెలుసు. మేరీ పట్టుకున్నప్పుడు ఇంత కదలకుండా ఎప్పుడూ లేదు. గంగాభవాని కడుగుతూ వెతికింది. ఒక్కటే పురుగు దొరికింది. తీసి పడేసి, ఇంకా ఉన్నాయేమోనని వెలుతురుకి తిప్పి తిప్పి చూసింది. ఇద్దరి తలలూ దాదాపు తగులుతున్నాయి.

మందు అద్దుతుండగా చిన్నమ్మలు అంది: "మేకప్పుడు ఇలగ ముందే సెప్పుంటే వచ్చేదాన్ని కదే. పాతేసిన తరవాత కబురెట్టేవు."

"వత్తావని తెల్దొదినా. తిడతావనుకున్నాను."

"తిట్టేదాన్నే. తిట్టేదాన్ని, వచ్చేదాన్ని."

గంగాభవాని దూది పక్కన పెట్టేసింది. ఇంత చిన్న సంగతా ఇది? ఇన్నేళ్లూ ఇద్దరికిద్దరూ ఒక్క కబురు కోసం కూర్చున్నారా? ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. తన మీద తెచ్చుకుందామంటే ఆనాటి పిల్లల జ్వరాలు అడ్డొచ్చాయి. వదిన మీద తెచ్చుకుందామంటే ఆవిడ చేతుల్లో కోడి ఉంది.

పెట్టని మళ్లీ పెట్టెలో పడుకోబెట్టి తెర దించారు. చిన్నమ్మలు చేతులు సబ్బుతో కడుక్కొచ్చి, గోడకి చేరబడి కూర్చుంది.

"అన్నమెట్టవేటే? పొద్దున్న టీ నీళ్లు తాగి బయల్దేరేను. ఆకలికి ఆగలేకే మూత తీసేను."

గంగాభవాని ఆవిడ మొహంలోకి చూసింది. నిజమేనా? అంత దూరం ప్రయాణం, ఆకలేసే ఉంటుంది. ముందు కోడిని అడక్కుండా వంటగదిలోకెళ్లిందంటే అనుమానమూ అయ్యుండొచ్చు. రెండూ కలిసి కూడా ఉండొచ్చు. ఆవిడకేనా తెలుసో లేదో. గంగాభవాని కంచం పెట్టి అన్నం వడ్డించి, కూరగిన్నె తెచ్చి, గరిటె ముంచింది. ముంచాక చెయ్యి ముందుకు రాలేదు.

"ఎయ్యి," అంది చిన్నమ్మలు, కంచం కాస్త ముందుకి జరిపి.

వేసింది. చిన్నమ్మలు కలుపుకుని గబగబా నాలుగు ముద్దలు తిని, "ఉప్పు తక్కువైంది," అని, మళ్లీ కంచం జరిపింది. అప్పుడు చూసింది మరదలి మొహం. కళ్లలోంచి నీళ్లు చెంపల మీదుగా కారి గిన్నెలో పడేలా ఉన్నాయి.

"కోడి బతికే ఉంది కదే, ఎందుకేడుత్తన్నావు?"

"నాకూ తెల్దొదినా," అంది గంగాభవాని, మళ్లీ కూర వేస్తూ.